సోనక్క పక్కన చోటు

సోనాబాయి గురించి ఎవరైనా మంచి మాట చెబితే నాకు సంతోషమే. నాకంటే ముందు చెబితే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆమె గురించి చెప్పే హక్కు బాన్సువాడ మొత్తంలో నాకొక్కదానికే ఉందని నా నమ్మకం. పదహారేళ్ళు ఆమె పక్కన కూర్చుని ఆకు కోసినదాన్ని. నిన్నమొన్న వచ్చినవాళ్ళు నాకు ఆమె గొప్పతనం చెప్పాలా?

నేను పెళ్ళయి ఈ ఊరికి వచ్చింది ఎనభై మూడులో. పదో తరగతి తప్పి, ఆ సిగ్గుతోనే తాళి కట్టించుకున్నాను. మా ఆయన బాలకృష్ణ రైసుమిల్లులో పని. మా ఇంటికి ఎదురిల్లు సోనాబాయిది. పొడవాటి మనిషి, చామనఛాయ, రూపాయి బిళ్ళంత బొట్టు. నవ్విందంటే గల్లీ చివర ఉన్న పిండిగిర్నీ దాకా వినిపించేది. మహారాష్ట్ర హద్దు దగ్గరి ఊరి పిల్ల. అక్కడ పేర్లూ మాటలూ అటువీ ఇటువీ కలిసిపోయి ఉంటాయి. తల్లి పోసవ్వ, తండ్రి లింగయ్య, బిడ్డేమో సోనాబాయి. నేను సోనక్క అనేదాన్ని, ఆమె నన్ను గంగూ అనేది. గంగమణి అన్న నా పూర్తి పేరు ఆమె నోట ఎన్నడూ రాలేదు.

బీడీలు చుట్టడం నాకు నేర్పింది ఆమే. ఈ పని తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. తునికాకును ముందురోజు తడిపి, రేకుముక్క ఆనించి కత్తెరతో కొలతకు కోస్తాం. కోసిన ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొన మడుస్తాం. కోసిన ఆకు మీద ఎప్పుడూ తడిబట్ట ఉండాలి. నాలుగు మూలలూ ఆకు కిందికి గట్టిగా దోపి ఉంచాలి. కాస్త గాలి తగిలిందా, ఆకు ఎండి వేళ్ళ మధ్యే పటుక్కున పగిలిపోతుంది. అందుకే బీడీల ఇళ్ళలో అన్నం గిన్నె మీద మూత మరిచిపోతాం కానీ ఆకు మీద బట్ట మరిచిపోము.

మామూలుగా ఎవరి ఆకు వాళ్ళే కోసుకుంటారు. మేమిద్దరం మాత్రం జోడీ. ఇద్దరికీ ఆకు కోయడం నా వంతు, ఇద్దరివీ చుట్టడం ఆమె వంతు. కోసే చెయ్యి బాగుంటేనే చుట్టే చేతికి పేరు. "గంగు ఆకు కోస్తే నేను కండ్లు మూసుకొని చుడ్త" అని సోనక్క గల్లీ అంతా వినేలా అనేది. కార్ఖానాలో లెక్క చూసే మున్షీ అందరి కట్టలూ విప్పి ఏరేవాడు, మా కట్టల మీద మాత్రం చెయ్యి వేసేవాడు కాదు. ఆమె అరుగు మీద, ఆమె కుడిచేతి పక్కన, గోడకు ఆనుకుని రెండు మూరల చోటు. అది నాది. నా సొంతిల్లు కూడా నాకు అంత సొంతంగా అనిపించేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఎనభై ఎనిమిదిలో మా అమ్మ పోయింది. అమ్మతోపాటే నాకు ఒడిబియ్యం కూడా పోయింది. మా దిక్కు పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింటివాళ్ళు మూడేళ్ళకో ఐదేళ్ళకో పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతారు. మా ఇద్దరన్నలకూ ఆ ముచ్చటే గుర్తు రాలేదు. గల్లీ ఆడవాళ్ళు ఒడి నిండా బియ్యంతో బస్సు దిగుతుంటే నేను ఏదో పని ఉన్నట్టు ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పదకొండేళ్ళు అలా దాక్కున్నాను. సోనక్క చూసేది. చూసి ఏమీ అనేది కాదు.

ఆమె పుట్టిన ఊరు మేడిగుట్ట. జుక్కల్ దాటి లోపలికి పోవాలి. పని చేస్తున్నంతసేపూ ఆ ఊరి మాటే. "మా ఊర్ల పొద్దు గుట్టెనక మునుగుతది, నీళ్ళల్లకెల్లి లేస్తది గంగూ. తలుపు తీస్తే చెరువే. నిన్నొక్కసారి తోల్కపోత." ఈ మాట ఆమె ఎన్నిసార్లు అందో నాకే తెలియదు. నేను మాత్రం కొంగున ముడేసుకుని కూర్చున్నాను. నన్నే తీసుకుపోతానంది కదా, ఇంకెవరినీ కాదు కదా.

తొంభై ఏడులో రోజారాణి దిగబడింది.

పిట్లం పిల్ల. జీపు నడిపే దత్తు పెళ్ళాం. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, ఎర్రగా, చురుగ్గా, నోరు మూయకుండా ఉండేది. బీడీ కార్మికుల కార్డు లేదు కాబట్టి కార్ఖానాలో ఆకు ఇవ్వం అన్నారు. సోనక్క పోయి, "నా జిమ్మా" అని మాట ఇచ్చి ఇప్పించింది. ఒక్కరోజు బీడీల లెక్క తక్కువ పడినా మళ్ళీ ఆకు ఇవ్వరని మున్షీ కరాఖండిగా చెప్పి పంపాడు. ఆ పిల్లను అరుగు మీద ఎడంపక్కన కూర్చోబెట్టుకుని సోనక్క పని నేర్పింది. "బొటనేలు ఒత్తకు బిడ్డా, ఆకును బుజ్జగించాలె" అని. సరిగ్గా నాకు చెప్పిన మాటలే! కొత్త మాటలు చెప్పినా నాకు అంత బాధ ఉండేది కాదు. నా మాటలు తీసి ఇంకొకదానికి పెట్టడమేమిటి?

ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు పోలేదు. మూడోరోజు పోయేసరికి నా కత్తెర రోజారాణి చేతిలో ఉంది. "గంగూ, నువ్వు లేకుంటే గీమె గింత ఆకు ఖరాబ్ చేసింది" అని సోనక్క నవ్వింది. ఆ పిల్లా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి అన్నం తినలేదు. మా ఆయన ఏమైందని అడిగితే కడుపులో మంట అన్నాను, అది నిజమే. దాని చేతికి పని పట్టుబడే కొద్దీ నాకు నిద్ర తగ్గింది. ఇవాళ కాకపోతే రేపు ఆ పిల్ల కుడిపక్కకు జరుగుతుంది, నేను ఎక్కడికి జరగాలి? పొద్దస్తమానం అదొక్కటే ఆలోచన.

తొంభై తొమ్మిది కార్తీకంలో ఒకనాడు సోనక్క అంది. "గంగూ, అయితారం మా ఊరికి పోదాం. పొద్దుగాల పోయి పొద్దుమీకి వద్దాం. పెట్టెల పెట్టిన కొత్త చీర కట్టుకొని రా."

ఆ మూడు రోజులు నేను నేల మీద నడవలేదు. పిండిగిర్నీలో చెప్పాను, బోరింగు దగ్గర చెప్పాను, అడగనివాళ్ళకూ చెప్పాను. ఆదివారం తెల్లారగానే ఆకుపచ్చ చీర కట్టుకుని బయటికి వస్తే వాకిట్లో దత్తు జీపు. వెనక సీట్లో సోనక్క. ఆమె పక్కన, కుడిపక్కన, రోజారాణి!

"ఇది గూడ వస్తుందా?" అన్నాను, మొహం దాచుకోకుండానే.

"దత్తు జీపు, దత్తు పెండ్లాం రావద్దా?" అని సోనక్క నవ్వింది. "ఎక్కు ఎక్కు, చాట జర పైలం."

అవును, ఆకూ తంబాకూ పెట్టుకుని బీడీలు చుట్టే మూడు చాటలూ జీపు ఎక్కాయి. మర్నాడు పొద్దున కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి కాబట్టి విహారానికి పోయినా ఆకూ తంబాకూ వెంట పోవాల్సిందే. చెరువు చూడడానికి చాటలు పట్టుకుని పోయేది లోకంలో మేమే అయి ఉంటాం. దారి పొడవునా వాళ్ళిద్దరూ చెవులు కొరుక్కున్నారు. నేను తిరిగి చూస్తే టక్కున ఆపేశారు. పిట్లం దాటేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇక ఆ ఊరు. ఏం చెప్పను! అబద్ధం చెబితే బాగుండు, అంతా ఆమె చెప్పినట్టే ఉంది. గుట్ట వాలులో పాతిక ఇళ్ళు, రాతి గోడలు, ఎర్ర పెంకులు, ఇంటింటికీ సీతాఫలం చెట్టు. ప్రతి గడపా చెరువు వైపే. గుట్టలు చుట్టూ కూర్చుంటే మధ్యలో నీళ్ళు, ఆ నీళ్ళలో మళ్ళీ గుట్టలు. తెల్లకొంగలు తామరాకుల మీద నడుస్తున్నాయి. ఒకావిడ మెట్టు మీద కూర్చుని గిన్నెలు తోముతూ, తల ఎత్తి ఆ నీళ్ళకేసి ఒకసారి చూసి మళ్ళీ తోముకుంది. మాకు తల ఎత్తితే ఏం కనబడుతుంది? మురికి మోరీ, ఎదురింటి గోడ. ఇలాంటి చోట పుట్టిన మనిషికి నవ్వు రాక ఏం వస్తుంది అనుకున్నాను. రోజారాణి మీదున్న అసూయ చాలనట్టు ఆ ఊరి మీద కూడా పుట్టింది. ఆ గిన్నెలు తోముకునే మనిషి మీద కూడా పుట్టింది.

సోనక్క తల్లి పోసవ్వ గడపలోనే ఎదురొచ్చి నా గదవ పట్టుకుంది. "గంగవ్వ నువ్వేనా బిడ్డా? నీ ముచ్చట్లు ఇని ఇని మొకం గూడ తెల్సినట్టే ఉన్నది." ఆ మాట నేను సరిగ్గా వినిపించుకోలేదు. నా చూపంతా వెనక రోజారాణి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతున్న సోనక్క మీదే.

చాయ్ తాగాక ముగ్గురం చాటలు పట్టుకుని చెరువు గట్టున ఇప్పచెట్టు కింద కూర్చున్నాం. నేను అలవాటుగా కత్తెర అందుకోబోయాను. సోనక్క దాన్ని తీసి రోజారాణికి ఇచ్చింది.

"ఇయ్యాల నీకు సుట్టి గంగూ. నువ్వు ఉత్తగ కూసోని మా చెరువు సూడు. రోజా కోస్తది ముగ్గురిది."

అంతే. నేను భయపడిన రోజు వచ్చేసింది. నన్ను ఇంత దూరం తీసుకొచ్చి, కొత్త చీర కట్టించి, నీళ్ళ పక్కన కూర్చోబెట్టి, నా కత్తెర దాని చేతిలో పెట్టింది. గంటన్నర సేపు ఆ కత్తెర చప్పుడు విన్నాను. కరక్, కరక్. బాగానే కోసింది, అదొక బాధ. కార్ఖానాలో ఎవరి లెక్క వాళ్ళదే కాబట్టి కోసిన ఆకు మూడు వాటాలు చేసి, మూడు చాటల్లో పెట్టి, మూడింటి మీదా తడిబట్టలు కప్పింది. దాని బట్ట పాత గులాబీరంగు చీర ముక్క.

ఇంట్లోంచి పిలుపొచ్చింది. సోనక్క లేచి, "రోజా, నువ్వు దా. గంగూ, నువ్వు ఉండు, జర ఆగినంక పిలుస్త, అప్పుడు రా" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ గుట్ట ఎక్కారు.

నేనూ, మూడు చాటలూ మిగిలాం. చెట్టు నీడ జరిగిపోయి చాటల మీదికి ఎండ వచ్చింది. చెరువు మీది గాలి హోరుమని కొడుతోంది. నేను ఆలోచించానని చెప్పను, ఆలోచించలేదనీ చెప్పను. గులాబీరంగు బట్ట మూలలు ఒక్కొక్కటీ లాగి దాని ఆకు మీది నుంచి తీసేశాను. తీసింది తీసినట్టు గట్టున పారేసినా సరిపోయేది. కానీ పదహారేళ్ళుగా తడిబట్టను ఖాళీగా వదలని చేతులు ఇవి. నాకు తెలియకుండానే దాన్ని నా ఆకు మీద, నా బట్ట మీదే రెండో బట్టగా కప్పి, నాలుగు మూలలూ కిందికి దోపేశాను.

"గంగూ, దా!"

వెళ్ళేసరికి వసారాలో ముగ్గు, ముగ్గు మీద పీట. పళ్ళెంలో పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ. సోనక్కకు ఒడిబియ్యం కాబోలు అనుకుని గోడ పక్కకు జరిగాను. పోసవ్వ నా భుజాలు పట్టుకుని పీట మీద కూర్చోబెట్టింది.

"నాకెందుకవ్వా?"

"నీకు కాకుంటే ఎవలకు? నా బిడ్డ మొన్న దసరాకు వచ్చి జెప్పింది. గంగుకు పదకొండేండ్ల సంది ఒడి నిండలేదవ్వా, మన ఇంట్ల పోద్దామని. తల్లిగారిల్లంటే గిదే అనుకో." ఆమె నా కొంగు తీసి ఒడిలో పరిచింది.

సోనక్క నా ముందు కూర్చుని నవ్వుతోంది. "ముందుగాల్ల జెప్తే నువ్వు ఏడుస్తవని చెప్పలే. ఐదుగురు ముత్తయిదువలు పొయ్యాలె గదా. కోతల దినాలు, గుట్ట మీద ఆడోళ్ళందరు పొలాలకే పాయె. అవ్వ, మా ధర్మి వదిన, పక్కింటి లాలి, నేను. నలుగురమే. ఐదో మనిషి కోసం రోజాను తోల్కొచ్చిన."

జీపులో గుసగుసలు అవి. నాకు పని నుంచి సుట్టి ఇచ్చింది అందుకు. పీట మీద కూర్చునే ఆడపిల్ల ఆ రోజు పని ముట్టకూడదని.

పోసవ్వ మొదటి దోసిలి పోసింది. నా కళ్ళ ముందు ఇప్పచెట్టు కింద ఎండలో తెరిచి ఉన్న ఆకు కనబడింది. ఇప్పుడే పరుగెత్తితే కప్పవచ్చు, ఇంకా పూర్తిగా ఎండి ఉండదు. లేవబోయాను.

"ఆ ఆ! పోస్తుంటె లేవద్దు" అని ధర్మి నా మోకాలు నొక్కిపెట్టింది. ఒడి పట్టిన మనిషి ఐదుగురూ పోయడం అయి, మూట కట్టేదాకా కదలకూడదు. బియ్యం కింద పడితే ఆ ఇంటికీ ఈ ఇంటికీ మంచిది కాదు.

"సోనక్కా, ఆకు..." అన్నాను.

"ఆకుకేమైతది? తడిబట్టలు కప్పే వచ్చినం గదా. ఏం ఫికర్ లేదు, సక్కగ కూసో."

ధర్మి పోసింది. లాలి పోసింది. లాలి మెల్లగా, పాట పాడుతూ, గింజ గింజ లెక్కపెట్టినట్టు పోసింది. సోనక్క పోసేటప్పుడు ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను తలెత్తి చూడలేకపోయాను. చివరికి రోజారాణి వచ్చింది. తంబాకు వాసన పోవాలని చేతులు సున్నిపిండితో కడుక్కుందట. రెండు చేతుల నిండా బియ్యం తీసి నా ఒడిలో పోస్తూ, "సల్లగుండక్కా" అంది. ఆ మాట వినడానికి నాకు ఏ అర్హతా లేదు.

మూట నడుముకు కట్టుకుని గట్టుకు వచ్చేసరికి అయిపోయింది. దాని చాటలో ఆకు ముడుచుకుని, గవ్వల్లా పైకి లేచి ఉంది. రోజారాణి ఒకటి తీసి చుట్టబోతే పటుక్కుమంది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. కోసిన ఆకు అంత ఎండాక మళ్ళీ తడిపినా పనికి రాదు.

"అయ్యో అక్కా, రేపు కార్ఖానల ఏం జెప్పాలె? ఇగ ఆకు ఇయ్యరు నాకు" అని అక్కడే కూలబడింది. అంతలో నా చాట మీద తన గులాబీరంగు బట్ట చూసింది. పిచ్చిపిల్ల, ఏడుపులోనే నవ్వింది. "గీ చెరువు గాలి ఎంత పోకిరిదో సూడు సోనక్కా! నా బట్ట ఎత్కపోయి గంగక్క ఆకు మీద కప్పింది!"

సోనక్క నా చాట ముందు కూర్చుంది. ఆ బట్ట ఒక మూల పట్టుకుని లాగింది. రాలేదు, దోపి ఉంది. రెండో మూలా దోపే ఉంది. నాలుగూ ఒక్కొక్కటే విప్పింది. ఆ దోపుడు ఎవరి చేతిదో ఆమెకు ఇంకొకరు చెప్పాలా? ఆమె నేర్పిన దోపుడే.

"గాలికి మూలలు దోపుడు గూడ వస్తదా గంగూ?" అంది, చాలా మెల్లగా.

రోజారాణి అది హాస్యం అనుకుని మళ్ళీ నవ్వింది. నేను నడుముకున్న బియ్యం మూట రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. సోనక్క నన్ను అడగకుండా నా ఆకులో సగం, తన ఆకులో సగం తీసి రోజారాణి చాటలో పోసింది. పొద్దు గుట్ట వెనక్కు జారేదాకా ముగ్గురం తల ఎత్తకుండా చేశాం. చెరువు ఎంత అందంగా ఉందో ఆ సాయంత్రం నేను చూడలేదు. మర్నాడు నా లెక్కా సోనక్క లెక్కా తక్కువ పడి మున్షీతో మాటలు పడ్డాం. రోజారాణి లెక్క మాత్రం నిండింది, కార్ఖానాలో దానికి ఆకు ఇవ్వడం ఆపలేదు.

ఒడిబియ్యం తెచ్చుకున్నవాళ్ళు ఆ బియ్యం వండి నలుగురిని పిలిచి పెట్టాలి. గురువారం వండాను. ఇద్దరూ వచ్చారు. సోనక్క మారు అడిగి మరీ తిన్నది. పప్పు బాగుందంది. పెరట్లో చేతులు కడుక్కుంటూ, నేను నీళ్ళు పోస్తుంటే, తల ఎత్తకుండా అంది.

"రేపటి సంది ఆకు రోజా కోస్తది గంగూ. నువ్వు దారం కట్టు."

చెంబు నా చేతిలోనే ఉంది. ఎందుకని అడిగితే చెబుతుందేమోనని అడగలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళు. సోనక్క నన్ను అరుగు దిగమనలేదు, గంగూ అనడం మానలేదు. మూడేళ్ళకొకసారి మేడిగుట్టకు తీసుకుపోయి ఒడి నింపించే తీసుకొస్తుంది. మానేసినా బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. ప్రతిసారీ ఐదో ముత్తయిదువ రోజారాణే. ఇప్పుడు దానికి కార్డు వచ్చింది, ఇద్దరు పిల్లలు. ఆ చెరువు గాలి తన బట్ట ఎత్తుకుపోయిన కథ గల్లీలో ఎవరు కొత్తగా వచ్చినా చెప్పి నవ్విస్తుంది. అందరూ నవ్వాక, "అడుగుండ్రి, గంగక్క సాక్షి" అంటుంది. నేను అవునంటాను. సోనక్క ఆ కథకు ఒక్కసారీ నవ్వలేదు.

రోజారాణి అంటే నాకు ఇప్పటికీ అసూయే. తగ్గిందంటే అబద్ధం. కుడిపక్కన గోడకు ఆనుకుని నా రెండు మూరల చోటు నాకే ఉంది, దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఎడంపక్కన రోజారాణి ముగ్గురి ఆకూ కోస్తుంది. కోసిన ఆకును తడిబట్ట కప్పి సోనక్క తనకు ఎడంపక్కనే పెట్టుకుంటుంది. నేను కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాపితే అందదు.